ద్రౌపది జుట్టు, సేటు గోడ

నా జుట్టు ఇప్పుడు మెడ దాకానే ఉంటుంది. కొత్తగా చూసినవాళ్ళు ఫ్యాషన్ అనుకుంటారు. కాదు, అది ఒక విపత్తు వచ్చిపోయిన ఆనవాలు. ఆ విపత్తును ఎవరూ నా మీదికి తోలలేదు. నేనే మైకులో, ఊరందరి ముందు, రమ్మని పిలిచాను. ఎలా పిలిచానో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా ఊరు నవ్వింది, ఇబ్రహీంపట్నం ఆటో స్టాండు నవ్వింది, మా కాలేజీ ల్యాబులో గాజు సీసాలు తప్ప అందరూ నవ్వారు. మీరొక్కరు మొహమాటపడటం దేనికి? ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పేస్తున్నాను. చివర్లో తప్పయిందని చెంపలు వేసుకుంటానని ఎదురుచూడకండి.

అప్పుడు నేను బీఎస్సీ ఆఖరి సంవత్సరం. మా ఊరి నుంచి సాగర్ రోడ్డు మీదికి ఒక బండ్ల బాట ఉండేది. పదిహేను నిమిషాలు నడిస్తే రోడ్డు, రోడ్డు మీద ఆటో, ఆటో దిగితే ఇబ్రహీంపట్నం. మా అమ్మ పొద్దున్నే టమాటాల గంప నెత్తిన పెట్టుకొని ఆ బాటన పోయేది, నేను పుస్తకాల బ్యాగు తగిలించుకొని వెనక పోయేదాన్ని. ఇంతలో నగరం నుంచి ఒక పెద్దమనిషి తెల్లకారులో వచ్చి బాటకు అటూ ఇటూ ఉన్న పొలాలు కొన్నాడు. అసలు పేరు ఏదైతేనేం, తెల్లకారు దిగినవాడు మా ఊళ్ళో సేటే. సేటు పొలాలు చదును చేశాడు, రాళ్ళు పాతాడు, ఇళ్ళ ప్లాట్ల వెంచర్ అన్నాడు, చుట్టూ ఆరడుగుల గోడ కట్టాడు. ఆ గోడ లోపల మా బాట కూడా ఉండిపోయింది.

ఇక రోడ్డెక్కాలంటే గుట్ట చుట్టూ తిరిగి, వెంచర్ గేటు ముందు నుంచి పోవాలి. గంట నడక. ఆ గేటు పక్కనే సేటు ఒక బోర్డు పెట్టాడు. కోహెడ పండ్ల మార్కెట్టు పది నిమిషాలు, నాదర్‌గుల్ పది నిమిషాలు, ఎయిర్‌పోర్టు ఇరవై నిమిషాలు అని దాని మీద రాయించాడు. అంటే సేటు గోడ లోపల ఉన్నవాడు ఎక్కడికైనా పది నిమిషాల్లో పోతాడు, గోడ బయట ఉన్న మేము మాత్రం మా రోడ్డుకు మేము పోవడానికి గంట. అమ్మ మార్కెట్టుకు చేరేసరికి మంచి బేరాలన్నీ అయిపోయేవి. నాతో కాలేజీకి వచ్చే ఇద్దరు అమ్మాయిలు గుట్ట చుట్టూ ఒంటరి దారిలో పంపేది లేదని ఇంట్లోవాళ్ళు ఆపేస్తే చదువు మానేశారు. నా వంతు ఎప్పుడొస్తుందా అని నేను రోజూ నాన్న ముఖం చూసేదాన్ని. మా ఊరి పెద్దమనుషులు ఊరుకోలేదు లెండి. మూడుసార్లు సేటు దగ్గరికి పోయారు. మూడుసార్లూ టీ తాగి వచ్చారు.

ఆ ఏడు పంట ఇంటికొచ్చాక మా ఊళ్ళో బాగోతం పెట్టారు. రాత్రిపూట ఆడితే జనం సీరియళ్ళు వదిలి రావడం లేదని ఈమధ్య పగలే ఆడుతున్నారు. ద్రౌపది వేషం ఇరవై ఏళ్ళుగా సత్తయ్య మామది. నున్నటి గుండు మీద నల్లటి విగ్గు పెట్టి, చీర కట్టి ఆయన సభలో ఏడిస్తే ఆడవాళ్ళు కొంగులు తడుపుకునేవారు. కానీ ఆ ఏడు ఆయన చేతులెత్తేశాడు.

"మోకాళ్ళు పోయినయ్ బిడ్డా," అన్నాడు నాతో. "ద్రౌపది మోకాళ్ళ మీద కూలవడాలె. నేను కూలవడితే మళ్ళ లేపనీకె ఇద్దరు గావాలె. సభలో భీముడు సుత లేవొద్దు కద, ఇగ నన్నెవలు లేపుతరు?"

మోకాళ్ళ వల్లనే వ్యవసాయం మానేసి ఆయన వెంచర్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుర్చీలో కూర్చుంటున్నాడు. వేషం నాకు అప్పగించి, విగ్గు కూడా చేతిలో పెట్టబోయాడు.

"విగ్గెందుకు మామా? నాకు అసలైందే ఉన్నది," అన్నాను.

ఈ ఒక్క వాక్యం దగ్గర కాస్త ఆగండి. నా పతనం ఇక్కడే మొదలైంది. నా జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది. కందుకూరులో మా మేనత్త పెళ్ళికి పోతే, పెళ్ళికూతుర్ని వదిలేసి నా జడను చూసినవాళ్ళున్నారు. అంత జుట్టు పెట్టుకొని, ఇంకొకరి చెమట వాసన కొట్టే విగ్గు నేనెందుకు పెట్టుకుంటాను?

సత్తయ్య మామ విగ్గును సంచిలో పెట్టుకుంటూ, "నీ ఇష్టం. గాని విగ్గుకు నొయ్యదు," అన్నాడు. ఇరవై ఏళ్ళ అనుభవం చెప్పిన మాట అది. నేను వినలేదు.

బాగోతం రోజు బడి ఆవరణ నిండిపోయింది. షామియానా సేటు ఇప్పించాడు కాబట్టి ముందు వరుసలో ఒక సోఫా, సోఫాలో సేటు. దుశ్శాసనుడు మా ఊరి ఆటో యాదగిరి అన్న. బండి తోలడంలో ఎంత మొరటో మనిషి అంత మెత్తన. నా జుట్టు పట్టి సభలోకి ఈడ్చుకురావాలి. పట్టుకున్నాడు గానీ లాగడు.

"చెల్లె, నొస్తే చెప్పు," అన్నాడు. నా మెడలో మైకుంది. ఆ మాట ఊరంతా విన్నది.

"గుంజన్నా, ఏం గాదు," అన్నాను నేను పళ్ళ మధ్య నుంచి. అదీ విన్నది.

సరే, ఎలాగో సభలోకి వచ్చాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. నన్ను ఓడే హక్కు ఎవరికుందని ద్రౌపది అడిగే ప్రశ్న అడిగాను. వరుసగా తలపాగాలు చుట్టుకొని కూర్చున్న భీష్ముడు, ద్రోణుడు, ధృతరాష్ట్రుడు తలలు దించుకున్నారు. చిత్రమేమిటంటే, ఆ వేషాలు వేసినవాళ్ళే సేటు దగ్గర టీ తాగి వచ్చిన పెద్దమనుషులు. వాళ్ళను అలా తలలు దించుకొని చూసేసరికి నాకు కళ్ళ వెంబడి నిజం నీళ్ళు వచ్చాయి. నేను అడిగే ప్రశ్న ఎప్పటిదో కాదనిపించింది. ఇరవై ఏళ్ళ పిల్లకు ఒళ్ళు మండితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

సరిగ్గా నేను శపథం చేయడానికి లేచినప్పుడు సోఫాలో ఫోను మోగింది. సేటు మాట్లాడుతున్నాడు. "హా సార్, ఈస్ట్ ఫేసింగ్ ఉంది. దారి ప్రాబ్లం ఏం లేదు సార్, దారంతా మనదే."

యాదగిరి అన్న వైపు తిరగాల్సిన దాన్ని సోఫా వైపు తిరిగాను.

"సేటూ, ఆ దారి నీది గాదు, మాది," అన్నాను. "నీ గోడ కూలి మా బాట మాకొచ్చేదాక ఈ జుట్టు ముడువ."

చప్పట్లు పడ్డాయి. మామూలు చప్పట్లు కావు, షామియానా ఊగింది. మీరు ఎప్పుడైనా చప్పట్లు తిన్నారో లేదో నాకు తెలియదు. అవి నేరుగా తలకెక్కుతాయి.

"దువ్వ," అన్నాను.

ఇంకా చప్పట్లు. ఈలలు.

"నూనె పెట్ట."

ఇంకొక్కసారి కొట్టి ఉంటే తలస్నానం కూడా చేయనని చెప్పేసేదాన్నే. హార్మోనియం వాయించే ఆయన దయగల మనిషి కాబట్టి పాట ఎత్తుకొని నన్ను కాపాడాడు. సేటు మాత్రం నవ్వి, తనూ చప్పట్లు కొట్టి, ఫోను మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. అదంతా నాటకంలో మాటే అనుకున్నాడు పాపం.

ఇంటికి పోతే అమ్మ దువ్వెన, కొబ్బరినూనె పెట్టుకొని గడపలో కూర్చుంది.

"రా, జడేస్త. ఎర్ర రిబ్బన్ ఏడవెట్టినవ్?"

"జడ లేదమ్మా. శపథం చేసిన."

"గది నాటకం కదనే."

"మైకులో చేసిన."

"రేపు పొద్దుగాల మైకులోనే వాపసు తీసుకో," అని అమ్మ నూనె సీసాకు మూత పెట్టింది.

మరునాడు వాపసు తీసుకుందామనే అనుకున్నాను, మీ దగ్గర దాపరికం దేనికి. తల దురద పెడుతోంది, రాత్రంతా సరిగా నిద్రలేదు. కానీ వీధిలోకి వచ్చేసరికి ఊరు ఊరంతా నా నెత్తి వైపే చూస్తోంది. పాలు పోసేవాడు, కిరాణా కొట్టు ఆమె, బడికి పోయే పిల్లలు, అందరూ పోలీసులే. గాలికి ఎగిరే జుట్టును చెవి వెనక్కి తోసుకుంటే చాలు, "అక్కా, ముడుస్తున్నవా?" అని అడుగుతారు. గేటు దగ్గర సత్తయ్య మామ నన్ను కుర్చీలోంచే నిలదీశాడు.

"ఇరవై ఏండ్లు ఇరవై సార్లు శపథం చేసిన నేను. తెర ఎనకకు పోంగనె విగ్గు తీసి సంచిల పెట్టేటోణ్ణి. నిన్ను దువ్వనని ఎవలు చెప్పుమన్నరు? నూనె మాటెవలు చెప్పుమన్నరు? ద్రౌపది ముడువ అన్నది, అంతే."

"జోష్‌ల వచ్చింది మామా."

"అట్లయితె అనుభవించు," అన్నాడు.

అనుభవించాను. ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళ నోట్లోకి నా జుట్టు పోయేది. పప్పులో వస్తే నాదే, పక్కింటి పప్పులో వచ్చినా నాదే. సిమెంటు లారీలు తిరిగే ఆ రోడ్డు దుమ్ము మొత్తం నా తల మీద విడిది చేసింది. నెల తిరిగేసరికి నా తల ఎండిన జొన్నచొప్ప మోపులా తయారైంది. అద్దంలో చూసుకొని నేనే ఒకసారి భయపడ్డాను.

నేను భయపడితే భయపడ్డాను, పోచమ్మ అవ్వ మాత్రం దండం పెట్టింది. మా వాడకట్టులో అందరికంటే పెద్దది. ఒక ఉదయం పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొని వచ్చి నా ముందు కూర్చుంది. మా దిక్కున ఆడమనిషి జుట్టు విరబోసుకొని కళ్ళెర్రగా తిరిగితే ఎల్లమ్మ పూనిందని లెక్క. నిద్రలేక నా కళ్ళు ఎర్రగా ఉన్న మాట నిజమే.

"తల్లీ ఎల్లమ్మా, నా మేక రెండు దినాలాయె కనవడక."

"అవ్వా, నేను ఎల్లమ్మను గాదు. రజితను. ఇది ద్రౌపది శపథం."

"అవ్ తల్లీ. ద్రౌపదమ్మ అన్నా నువ్వే, ఎల్లమ్మ అన్నా నువ్వే. నా మేక ఏడున్నది చెప్పు."

నాకు చిరాకేసింది. "బాటకు అడ్డం గోడ కడితే మేక ఎట్లొస్తది ఇంటికి? గోడ లోపట్నే తిరుగుతుండొచ్చు, పోయి చూడు," అన్నాను.

మేక గోడ లోపలే ఉంది. గేటు తెరిచినప్పుడు దూరి, బయటికి దారి తెలియక, సేటు నాటించిన పూలమొక్కలు తింటూ సుఖంగా ఉంది.

ఇక నా బతుకు చూడాలి. నేను రోజుకు పది మందికి సైన్సు చెప్పేదాన్ని, వాళ్ళు పది కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు. "దేవత లేదు, పూనకం లేదు, నాకు కోపమొచ్చింది, అంతే," అని అరిచేదాన్ని. "కోపం రాంగనె దేవత వచ్చినట్టే కద తల్లీ," అని ఇంకా గట్టిగా మొక్కేవాళ్ళు. నాన్న మాత్రం కొబ్బరికాయలు చూసి సంతోషించాడు. నెల రోజులు మా ఇంట్లో కూర ఏదైనా అందులో కొబ్బరి పడింది.

ఇంతలో కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. ల్యాబు గుమ్మంలోనే మేడం నన్ను ఆపింది. లోపల బల్లల మీద మంటలు వెలుగుతున్నాయి.

"జుట్టు ముడేసుకొని లోపలికి రా."

"ముడవను మేడం. గోడ కూలేదాకా ముడవను."

"ఏ గోడ?"

చెప్పాను. బాట, సేటు, ద్రౌపది, మేక, అన్నీ చెప్పాను. క్యూలో వెనకున్న పిల్లలు పరీక్ష మరిచిపోయి విన్నారు. మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"నీ శపథం నాకర్థమైంది. కానీ నా ల్యాబు తగలబడితే ఎవరు శపథం చేయాలి?" అంది. అటెండరుతో ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి తెప్పించింది. నా జుట్టంతా అందులోకి దూర్చి, సంచి మూతిని దారంతో కట్టింది. "ముడి సంచికి వేశాను, నీ జుట్టుకు కాదు. పో, పరీక్ష రాయి."

వీపు మీద మూటతో పరీక్ష చేశాను. ఆ ముడి చెల్లుతుందా లేదా అని సాయంత్రం సత్తయ్య మామను అడిగితే, ద్రౌపదికి కెమిస్ట్రీ లేదు కాబట్టి చెల్లుతుందని తీర్పు ఇచ్చాడు.

ఇదంతా ఒక ఎత్తు, ఆదివారాలు ఒక ఎత్తు. ఆదివారం నేను అమ్మకు తోడుగా ఇంకో గంప ఎత్తుకొని పోయేదాన్ని. గుట్ట తిరిగి వచ్చేసరికి ఇద్దరికీ కాళ్ళు గుంజేవి. గేటు పక్కన గంపలు దించి కాసేపు నిలబడేవాళ్ళం. ప్లాట్లు చూసుకునేవాళ్ళు కార్లలో వచ్చేది కూడా ఆదివారమే. కారు దిగుతూనే వాళ్ళకు కనిపించేది నేను. చింపిరి జుట్టు, ఎర్ర కళ్ళు, ఎర్రటి ఎండ.

"ఎవరండీ ఆమె?" అని వాళ్ళు సత్తయ్య మామను అడిగేవాళ్ళు.

సత్తయ్య మామ అబద్ధం ఆడే మనిషి కాదు. "ఏం లేదు సార్. ఈ బాట మూసినప్పటి సంది గట్లనే వచ్చి నిలవడ్తది," అనేవాడు. ఇరవై ఏళ్ళు స్టేజీ ఎక్కిన గొంతు. ఆ చిన్న మాట చెప్పి, ఆకాశంలోకి చూసి, ఒక నిట్టూర్పు విడిచేవాడు. కార్లు వచ్చిన దారినే పోయేవి.

సేటుకు సంగతి తెలియడానికి ఎన్నాళ్ళు పడుతుంది? ఒక గురువారం తెల్లకారు మా ఇంటి ముందు ఆగింది. సేటు చేతుల్లో పళ్ళెం, పళ్ళెంలో పట్టుచీర, పసుపు కుంకుమలు. వాడకట్టు ఆడవాళ్ళందరూ పోగయ్యారు.

"తల్లీ, తెలియక చేసిన. శాంతించు," అన్నాడు సేటు పళ్ళెం గడప మీద పెట్టి, చేతులు జోడించి. "గోడకు ఆనుకొని, సరిగ్గా బాట మొదట్లో, నీకు చిన్న గుడి కట్టిస్తా."

"గుడి గడితే మేమెట్ల పోవాలె?" అన్నాను. "బాట ఇంకా మూసుకపోతది కద. నాకు గుడి వద్దు, బాట గావాలె."

సేటు ఇంకాస్త వంగాడు. "సరే తల్లీ. గోడ తీపిస్తా. కానీ నీ నోటితోనే చెప్పు. నా వెంచర్ ముందుకు వచ్చి నిలబడుతున్నది ఎవరు? ఎల్లమ్మ తల్లేనా?"

అమ్మ వెనక నుంచి నా నడుము గిల్లింది. పోచమ్మ అవ్వ కళ్ళతోనే బతిమాలింది. అవునని ఒక్క మాట, కనీసం తల ఊపితే చాలు, గోడ కూలిపోతుంది. నాకు తెలుసు. కానీ రెండు నెలలుగా ఊరందరికీ నేను దేవతను కానని గొంతు చించుకుంటున్నాను, ఇప్పుడు సేటు ముందు ఎలా అవుతాను? పైగా అది మా బాట. మా తాతలు నడిచిన బాట మాకు ఇవ్వడానికి ఈయనకు దేవత ఎందుకు చెప్పాలి, నేను చెబితే చాలదా?

"ఎల్లమ్మ గాదు," అన్నాను. "నేను రజితను. బీఎస్సీ ఫైనలియర్."

సేటు జోడించిన చేతులు విడదీశాడు. "అంటే, దేవత కాదా?"

"గాదు."

"పూనకం?"

"లేదు."

సేటు ముఖం మీద వెలుగు వచ్చింది. పళ్ళెంలో పట్టుచీరను మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. పసుపు కుంకుమలు కూడా వదల్లేదు. తెల్లకారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

మొదట్లో చెప్పిన విపత్తు ఇదీ. రెండు నెలల గడ్డి జుట్టు, ప్లాస్టిక్ సంచి, ఎండలో నిలబడ్డ ఆదివారాలు, అన్నీ ఒక్క నిజంతో గంగలో కలిపాను. ఆడవాళ్ళు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"ఎల్లమ్మవు గాకపోతే గాకపోతివి," అంది పోచమ్మ అవ్వ. "జర సేపు సప్పుడు జెయ్యకుంట ఉంటే నీ సొమ్మేం పోతుండె?"

ఎవరి ఇంటికి వాళ్ళు పోయారు. నేను మా ఇంటి గోడకు ఆనుకొని ఏడ్చాను. అవమానంతో కాదు. చదువు మానేసిన ఆ ఇద్దరు అమ్మాయిలు కూడా గుంపులో ఉన్నారు, నేను బాట తెస్తానని నమ్మి ఉన్నారు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకు చెప్పినవ్ బిడ్డా?"

"మనదాన్ని మనం అడగనీకె ఎల్లమ్మ పేరు ఎందుకమ్మా? మన మాట మాట గాదా?"

ఆదివారం దాకా మూడు రోజులూ అమ్మ ఇంట్లో ఉండలేదు. వంట చేసి పడేసి, ఒక్కో ఇంటికీ పోయేది. దేనికి పోతున్నావంటే, "నీకెందుకు, సదువుకో," అనేది.

ఆదివారం పొద్దున గంపలు ఎత్తే ముందు అమ్మ తన కొప్పు విప్పింది. నేను అమ్మను ఎప్పుడూ అలా చూడలేదు. నెరిసిన జుట్టు, నడుము దాకా. వీధిలోకి వస్తే వాడకట్టు మొత్తం బయటే ఉంది. నలభై మంది ఆడవాళ్ళు, నలభై విరబోసిన తలలు. పోచమ్మ అవ్వకు పట్టుమని పది వెంట్రుకలు లేవు, ఆ పదీ విప్పింది. చదువు మానేసిన అమ్మాయిలిద్దరూ ముందు నిలబడ్డారు. గుట్ట తిరిగి అందరం వెంచర్ గేటుకు పోయాం. సత్తయ్య మామ మమ్మల్ని చూశాడు. కుర్చీలోంచి కష్టపడి లేచాడు, కుర్చీ కింద ఉన్న సంచిలోంచి విగ్గు తీశాడు, గుండు మీద పెట్టుకున్నాడు, జుట్టు విరబోసుకొని మా వరుసలో వచ్చి నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం నవ్వు ఆగదు.

గేటు ముందు అప్పటికే మూడు కార్లు ఆగి ఉన్నాయి. సేటు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందిది? అందరికీ పూనిందా?"

"ఎవలకు పూనలె సేటూ," అంది మా అమ్మ. జీవితంలో ఆమె సేటు ముఖం చూసి మాట్లాడటం అదే మొదలు. "మా పిల్ల నిజం చెప్పింది. ఎల్లమ్మ లేదు, ఏం లేదు. మేమే. బాట ఇడిసేదాక ప్రతి ఆదివారం గిట్లనే వస్తం. ఆమె ఒక్కతి అయితె దేవతనా అని అడిగినవ్. గిప్పుడు ఎవలని అడుగుతవో అడుగు."

సేటు అడగలేదు. అడగాల్సింది కారులోంచి దిగిన ఒకావిడ అడిగింది. నాదర్‌గుల్ నుంచి ప్లాటు చూడటానికి వచ్చిందట.

"ఇక్కడ నిజంగా బాట ఉండేదా?" అంది వాచ్‌మన్ యూనిఫారం మీద విగ్గు పెట్టుకున్న సత్తయ్య మామను.

"ఉండె మేడం. నేను నడక నేర్సింది దాని మీదనే," అన్నాడాయన. ఈసారి నిట్టూర్చలేదు.

ఆవిడ భర్త వైపు తిరిగి, "పదండి. ఊరి దారి మింగినవాళ్ళు రేపు మన దారి మింగరా?" అంది. ఆ కారు పోయింది. రెండోదీ పోయింది. మూడో కారు స్టార్టయ్యే లోపే సేటు జేసీబీకి ఫోను చేశాడు.

గోడ పడటం నేను కళ్ళారా చూశాను. గంట పట్టింది. దుమ్ము తగ్గాక అమ్మ గంప ఎత్తుకొని మొదట నడిచింది, పదిహేను నిమిషాల్లో రోడ్డు మీద ఉంది. నలభై మంది నలభై క్షణాల్లో కొప్పులు ముడిచేసుకున్నారు. సత్తయ్య మామ విగ్గు తీసి సంచిలో పెట్టుకున్నాడు, ఉద్యోగం ఎలాగూ పోయింది కాబట్టి సంచి పట్టుకొని ఇంటికి పోయాడు. ఇక శపథం తీర్చుకోవాల్సింది నేను ఒక్కదాన్నే.

ద్రౌపది ఆ ముడి వేసుకోవడానికి నెత్తురు అడిగింది. నేను కొబ్బరినూనె మాత్రమే అడిగాను. పోచమ్మ అవ్వ సీసా తెచ్చింది. ఊరంతా చుట్టూ కూర్చుంది. అమ్మ దువ్వెన పెట్టింది. దువ్వెన కదల్లేదు. ఇంకో దువ్వెన పెట్టింది, దాని పళ్ళు విరిగాయి. నూనె సీసా మొత్తం గుమ్మరించారు. యాదగిరి అన్న వచ్చి, ఈసారి నొస్తుందా అని అడక్కుండానే గుంజాడు. లాభం లేదు. రెండు నెలల పదకొండు రోజులు దువ్వెన తగలని నా జుట్టు, దుమ్ము, చెమట కలిసి గట్టి ఉండలైపోయింది. నేను ముడవనన్న జుట్టు దానంతట అదే ముడుచుకుంది, ఇక మనిషి విప్పేది కాదు.

"మామా, ఇప్పుడెట్ల?" అన్నాను సత్తయ్య మామతో.

"ద్రౌపది పదమూడేండ్లు ఎట్ల ఓర్సుకున్నదో నాకు తెల్వది బిడ్డా," అన్నాడాయన. "నాది విగ్గు."

అమ్మ కత్తెర తెచ్చింది. మెడ దగ్గర పెట్టి ఒక్కసారి కళ్ళు మూసుకుంది, కత్తిరించింది. మోకాళ్ళ దాకా ఉన్న నా వైభవం గంపలో పడింది. నేను ఏడుస్తానని అందరూ చూశారు. ఏడవలేదు. చేతితో మెడ తడుముకున్నాను, గాలి తగిలింది, హాయిగా ఉంది. ఊరందరి ముందు శపథం చేసి, గోడ కూల్చి, గెలిచి, తీరా ముడేసుకుందామంటే ముడవడానికి జుట్టే లేని ద్రౌపదిని నేను ఒక్కదాన్నే అయి ఉంటాను. మరునాడు బాట మీద కాలేజీకి పోతుంటే ఆ అమ్మాయిలిద్దరూ బ్యాగులు తగిలించుకొని నా కోసం ఆగి ఉన్నారు.

కనుక పాఠకులారా, నేను బుద్ధి తెచ్చుకున్నాను. భూమి, ఆకాశం, మా ఊరి బండ్ల బాట వింటుండగా ఇదే నా ప్రతిజ్ఞ. ఇక బతికి ఉన్నంత కాలం నా జుట్టు మీద ఏ శపథమూ చేయను. దారి మూసేవాడు మళ్ళీ ఎవడైనా వస్తే తప్పకుండా పోతాను, మైకు ఉన్నా లేకపోయినా పోతాను. కాకపోతే ఈసారి శపథం వాడి మీసం మీద చేస్తాను.